పక్కపిల్ల సందేహం

పొద్దుటి నుంచి త్రికోణాలు మూసీ మూసీ భానుజకి మెడ పట్టేసింది. ఇద్దరబ్బాయిలు కలిసి పంపు విప్పి బాగుచేశారు: మూత. ఒకమ్మాయి జ్వరంతో పడుకుంటే గదిలోవాళ్ళు పాఠం చదివి వినిపించారు: మూత. ఎవరు, దేనితో, దేనికోసం, ఏ నియమం కింద, ఎవరెవరి మధ్య, పని ఎలా పంచుకుని... ఇవన్నీ పొసగితే తెరమీద క్రియాత్రికోణం పచ్చబడి కిందికి జారిపోతుంది. అంతే ఉద్యోగం. దీనికోసం ఏళ్ళ తరబడి చదివింది మహాతల్లి.

కిటికీ అవతల కరకట్ట, దాని అవతల సముద్రం, సముద్రం అడుగున ఎవరెవరివో ఊళ్ళు. ఆ మునిగిన ఊళ్ళ పిల్లలే ఈ కరకట్ట విద్యాలయంలో చదువుతారు. గోడకి ఎక్కడ నెమ్ము పట్టిందో కనిపెట్టడం, నీటి ఒత్తిడి లెక్కగట్టడం నేర్చుకుంటారు. వాళ్ళు ఒకరికొకరు ఎలా ఆసరా అవుతున్నారో చూసి రాయడం మేడమీద కూర్చున్న పరిశీలకుల పని. రాసిందంతా కలిపి తీర్పు చెప్పడం సంధాత అనే యంత్రం పని. సంధాతకి మెడనొప్పులుండవు, దానికేం!

తర్వాతి త్రికోణం ఎర్రగా వచ్చింది. ఎరుపంటే వైరుధ్యం. భానుజ చదువుకునే రోజుల్లో వాళ్ళ మాస్టారు, "వైరుధ్యం కనబడితే పండగ చేసుకోండర్రా, కొత్తది పుట్టేది అక్కడే" అనేవారు. ఇప్పుడు పండగా లేదు, పబ్బమూ లేదు. పొద్దుగూకేలోగా ఎరుపుని పచ్చగా చేయాలి, ఇంటికి పోవాలి.

విద్యార్థిని పేరు పైడిశ్రీ. సందేహాలు అడగడంలో తరగతిలో అందరికన్నా ముందు. పరీక్షల్లోనూ అందరికన్నా ముందే. ఈ రెండూ ఒకదానికొకటి పొసగడం లేదు. సంధాత పరిష్కారం కూడా సిద్ధం చేసిపెట్టింది: మార్కులు పక్కవాళ్ళవి చూసి రాసినవి, సందేహాలే అసలు స్థాయి, కాబట్టి ఉప్పుగళ్ళ శాఖకు బదిలీ. శాఖ అన్న మాటే గానీ అక్కడ చదువుండదు. ఉప్పుమడులూ, పారా, ఎండా ఉంటాయి. వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి చదువుకి రాలేదు. ఎర్రవాటికి మూత పరిశీలకుల సభలోనే పడాలి. ఇవాళ సభలో ఈ త్రికోణం మూసేస్తే, ఆటు మొదలవగానే కదిలే పడవలో ఆ పిల్ల ఉంటుంది. మూయకపోతే పడవ ఆగదు. మళ్ళీ పడవ వచ్చేది పెద్ద పరీక్షలయ్యాకే. పెద్ద పరీక్ష గట్టెక్కినవాళ్ళని ఎవరూ కదపలేరు.

భానుజ తరగతి దృశ్యాన్ని వెనక్కి తిప్పింది.

"మాస్టారండీ, ఒత్తిడి అడుగున ఎక్కువెందుకుంటాదండి?" అని లేచి అడుగుతోంది పైడిశ్రీ. తరగతంతా గొల్లున నవ్వింది. మాస్టారు విసుక్కుంటూనే మళ్ళీ మొదటినుంచీ చెప్పారు. ఆయన చెబుతున్నంతసేపూ పైడిశ్రీ కిటికీలోంచి కాకుల్ని చూస్తోంది. గబగబా రాసుకుంటున్నది మాత్రం పక్కన కూర్చున్న దాలమ్మ.

ఇంకో రోజు దృశ్యం చూసింది. అదే వరస. ఆ ముందురోజూ అంతే. అడిగేది ఒకతె, రాసుకునేది ఒకతె. అడిగినవాళ్ళకీ చెప్పినవాళ్ళకీ త్రికోణంలో చోటుంది, పక్కన కూర్చుని విన్నదానికి లేదు.

"ఓసి నీ దుంపతెగ!" అంది భానుజ పైకే.

పక్క కుర్చీలో కునుకుతున్న మృత్యుంజయరావు గారు ఉలిక్కిపడ్డారు. ఆయనకి రిటైర్మెంటు దగ్గరపడింది. "ఎవర్నమ్మా తిడుతున్నావు?"

"ఎవర్నీ లేదండీ. పడుకోండి" అని ఆవిడ మోకాళ్ళు పట్టుకుని కిందికి దిగింది.

భోజనాల గదిలో పైడిశ్రీ ఒక్కతే కూర్చుని చోడి అంబలి తాగుతోంది. భానుజ ఎదురుగా చతికిలబడింది.

"అంత సులువు లెక్క నీకు రాదా అమ్మా?"

"రాదండి."

"నాతో కూడానా?"

"రాదని సెప్తన్నాను కదండి. రాసీసుకోండి." పిల్ల తలెత్తలేదు.

"దాలమ్మ ఎందుకడగదు?"

పైడిశ్రీ గ్లాసు కింద పెట్టింది. అటూ ఇటూ చూసింది. "దానికి నలుగురిలో నోరు పెగల్దండి. ఒకపాలి అడిగితే అందరూ నవ్వీసారు. ఆ పొద్దంతా ఏడిసింది. నన్ను సూసి నవ్వితే నాకేటండి?"

"నిన్ను ఉప్పుగళ్ళకి పంపుతున్నారే పిచ్చిమొహమా!"

పిల్ల మొహం పాలిపోయింది. మెల్లిగా అంది: "దాని పేరు రాయకండమ్మా. అదక్కడ బతకనేదు."

భానుజ లేచి వచ్చేసింది.

మెట్లెక్కుతూ ఆలోచించింది. నిజం రాస్తే పైడిశ్రీ బయటపడుతుంది, సందేహాలు తనవని తేలి దాలమ్మ పడవెక్కుతుంది. అంతటితో పోదు. ఇలా పక్కవాళ్ళ కోసం అడగడానికి సంధాత ఓ పేరు పెట్టి మార్కులు కడుతుంది, వచ్చే నెలనుంచి తరగతిలో ప్రతివాడూ మార్కుల కోసం లేచి నిలబడతాడు. రాయకపోతే పైడిశ్రీ పోతుంది. ఛీ, ఏం ఉద్యోగం ఇది, అనుకుంది.

సభ మొదలైంది. అధ్యక్షులు చిదంబరం గారు గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. సంధాత త్రికోణాన్ని చదివి వివరించడం, పరిశీలకులు వరసగా "అర్థమైంది" అనడం, మూత పడడం. ఒక్కరైనా అర్థం కాలేదంటే సంధాత మొదటినుంచీ చెప్పి తీరాలని నియమం ఉంది. కానీ అలా అన్నవాళ్ళ అవగాహన అంకె తగ్గుతుంది, అంకె తగ్గినవాళ్ళని మేడమీద ఉంచరు. అందుకే ఆ మాట అన్నవాళ్ళు లేరు.

పైడిశ్రీ వంతు వచ్చింది. సంధాత చెప్పింది.

"నాకు అర్థం కాలేదు" అంది భానుజ.

సంధాత మళ్ళీ మొత్తం చెప్పింది.

"కాలేదు."

"ఏ కోణం అర్థం కాలేదు?" అని అడిగింది సంధాత.

ఏదో ఒకటి చెబితే అది తీగ లాగి దాలమ్మ దాకా పోతుంది. "ఏదీ కాలేదు. మొదటినుంచీ చెప్పు."

ఎవరో కిసుక్కున నవ్వారు. భానుజ చెవులు వేడెక్కాయి. ఆ పిల్ల రోజూ దీన్నే భరిస్తోందన్నమాట.

"ఏమ్మా భానుజా, ఒంట్లో బాగోలేదా?" అన్నారు చిదంబరం గారు. "ఇంత సర్వీసున్న మనిషివి, ఇదా నీకు తెలియనిది? అవతల పడవకి వేళవుతోంది. నీ అంకె చూసుకో, ఎలా పడిపోతోందో."

చూసుకుంది. పడిపోతోంది. భయం వేసింది, ఇల్లు గుర్తొచ్చింది. ఇంకొక్కసారి అంటే తనూ మేడ దిగాల్సిందే. మాట పైకి రావడం లేదు.

అప్పుడు పక్క కుర్చీ కిర్రుమంది.

"నాక్కూడా అర్థం కాలేదండీ" అన్నారు మృత్యుంజయరావు గారు.

"మీకూనా!" చిదంబరం గారు నెత్తి పట్టుకున్నారు.

"పెద్దవాణ్ణయిపోయాను కదండీ, బుర్రకెక్కడం లేదు. కాస్త మొదటినుంచీ, నెమ్మదిగా."

సంధాత మొదలుపెట్టింది. వెనక వరసలో ఇంకో చెయ్యి లేచింది. ఇందాక అర్థమైందన్న మాటమీద మూతపడి తెరమీద కిందికి జారిపోయిన పచ్చ త్రికోణాలు ఒక్కొక్కటే పైకొచ్చి ఎర్రబడుతున్నాయి. బయట పడవ కూత వేసింది, కాసేపాగి మళ్ళీ వేసింది.

భానుజ పక్కకి తిరిగి చూసింది. మృత్యుంజయరావు గారు సంధాత చెప్పేది వినడమే లేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కిటికీలోంచి కాకుల్ని చూస్తున్నారు.