పిడుగు పొడవాటి అడుగులు

"రిలే టీమ్‌లో నాలుగో పేరు..." పీటీ టీచర్ ఆగి క్లాసంతా ఓసారి చూసింది. "మన పిడుగు."

పిడుగు చేతిలోంచి పెన్సిల్ జారిపోయింది.

"నీ పేరేనే. నోరు మూసుకో, ఈగ దూరుతుంది" అంది పక్కనున్న అమ్మాయి. క్లాసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా పిడుగే నవ్వింది.

సాయంత్రం గ్రౌండ్‌లో జింకక్కను చూశాక ఆ హుషారు కాస్త తగ్గింది. జింకక్క పై క్లాసు అమ్మాయి, టీమ్ లీడరు. ఆమె ఒక్క అడుగు వేస్తే పిడుగు రెండు వేయాలి.

'నేనూ పెద్ద అడుగులు వేస్తా' అనుకుంది పిడుగు. కాలు చాపగలిగినంత ముందుకు చాపి, మడమ ధబ్‌మని దించుతూ పరిగెత్తింది. రోజూ అదే వరస.

వారం తిరక్కముందే మోకాలి కింద, ముందువైపు ఎముక పొడవునా సలుపు మొదలైంది. చెబితే టీమ్‌లోంచి తీసేస్తారని పిడుగు నోరు విప్పలేదు.

ఒక సాయంత్రం పిన్ని ఇంటికి వచ్చింది. ఆమె ఫిజియోథెరపిస్టు. కాళ్ల నొప్పులకు వ్యాయామాలతో వైద్యం చేస్తుంది. రెయిలింగ్ పట్టుకుని మెట్లు దిగుతున్న పిడుగును చూసింది.

"ఏమే, మా అమ్మమ్మలా దిగుతున్నావు?"

"ఊరికే, పిన్నీ."

"ఏదీ, వరండాలో నాలుగడుగులు పరిగెత్తు."

ధబ్, ధబ్, ధబ్.

"చాలు తల్లీ, నేల బద్దలయ్యేలా ఉంది. కాలు అంత ముందుకెందుకు విసురుతున్నావు?"

"మా లీడరు జింకక్కలా పరిగెత్తాలని. ఆమె ఒక్కడుగు నాకు రెండడుగులు."

"ఆమె కాళ్లు పొడుగు, అందుకే అడుగూ పొడుగు. నీ పాదం మాత్రం ఎక్కడో ముందు పడుతోంది. సైకిలు తొక్కుతూనే బ్రేకు వేసినట్టు. ఆ కుదుపంతా ఈ ఎముకకు తగులుతోంది" అంటూ పిన్ని పిడుగు మోకాలి కింద వేలు పెట్టి చూపించింది.

"మరెలా?"

"చిన్న అడుగులు, గబగబా వెయ్యి. పాదం నీ ఒంటి కిందే పడాలి. చప్పుడూ తగ్గుతుంది. అయితే ముందు నొప్పి పోవాలి. అందాకా పరుగు వద్దు."

పిడుగు మొహం చిన్నబోయింది. "టీచర్ తీసేస్తే?"

"తీసేయొచ్చు. దాస్తే మాత్రం పోటీ రోజుకు నడవడమే కష్టం."

పిడుగు కాసేపు గోళ్లు కొరుక్కుంది. తర్వాత అమ్మ ఫోన్ అడిగి తీసుకుంది.

"టీచర్, నాకు కాలు నొప్పి. నాలుగు రోజుల్నుంచీ. చెప్పలేదు, సారీ."



"ఇప్పుడైనా చెప్పావు. పోటీకి ఇంకా నెల ఉందిలే. ముందు తగ్గించుకో, నీ చోటు ఎక్కడికీ పోదు."

పిడుగు మొహం వెలిగింది.

"అయితే రేపు గ్రౌండ్‌కి వస్తా టీచర్. పరిగెత్తను. ఓ పక్కన కూర్చుని, ఎవరి కాలు ధబ్‌మంటుందో విని వాళ్లకి చెప్తా."