కిటికీ అవతల నల్లపిట్ట

టిల్డె వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచి పెట్టుకుంది. పక్కనే బూట్ల అట్టపెట్టె. అందులో గోధుమరంగు పక్షిపిల్ల ముడుచుకుని కూర్చుంది.

పొద్దున తోటలో పొద కింద దొరికింది. ఎగరలేక గెంతుతోంది. పక్కింటి పిల్లి దగ్గర్లోనే తిరుగుతోంది. టిల్డె ఒక్క పరుగున వెళ్ళి పిల్లను పట్టి తెచ్చేసింది.

"దీనికి ఏం పేరు పెడదాం?" అంది స్నేహితురాలు వాల్బోర్.

"ముందు బతకనీవే!"

టీచర్ కిర్‌స్టెన్ క్లాసులో పిల్లల కోసం ఉన్న ప్రకృతి వెబ్‌సైట్లు చూపించింది. వాటిలో క్విజ్‌లు, ఆటలు, పక్షుల కూతలు ఉన్నాయి. టిల్డె ఇప్పుడు వాటినే తిరగేస్తోంది.

"పిల్లను మళ్ళీ గూట్లో పెట్టండి" అంది మొదటి సైట్.

"ముట్టుకోకండి, ఉన్నచోటే వదిలేయండి" అంది రెండోది.

"గాలి ఆడే పెట్టెలో పెట్టి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి" అంది మూడోది.

"ఇదేంటే, తలా ఒకటి చెప్తున్నాయి?" అంది టిల్డె. "వీటిలో ఏది అబద్ధం?"

"ఏమో! నువ్వైతే ముట్టుకోనే ముట్టుకున్నావు."

బయట ఏదో పక్షి ఒకటే గోల. చక్ చక్ చక్!

"అబ్బా, చదువుకోనివ్వదు!" టిల్డె లేచి కిటికీ మూసేసింది.

రొట్టె ముక్క పెడితే పిల్ల నోరు తెరవలేదు. నీళ్ళు పెడితే తల తిప్పేసుకుంది. టిల్డెకు ఏడుపొచ్చింది. ఇంతలో నాన్న వచ్చాడు.

"నాన్నా, ఏది నమ్మాలో తెలీట్లేదు!"

నాన్న తెర వైపు చూసి తల గోక్కున్నాడు. "నాకూ తెలీదురా తల్లీ. ఒక్కో పేజీ పైనుంచి చదువు, వింటాను."

"పైనుంచా? నేను బొమ్మల కింద ఉన్నవే చదివాను."

ఈసారి పైనుంచి చదివింది. మొదటి పేజీ ఈకలు రాని పిల్లల గురించి. రెండోది ఈకలొచ్చి ఎగరడం నేర్చుకుంటున్న పిల్లల గురించి. మూడోది గాయపడిన పక్షుల గురించి.

ముగ్గురూ పెట్టెలోకి తొంగిచూశారు. ఒళ్ళంతా ఈకలు, పొట్టి తోక. గాయం ఎక్కడా లేదు.

టిల్డె రెండో పేజీ మళ్ళీ చదివింది. "అమ్మానాన్నలు దగ్గర్లోనే ఉంటాయి. పిల్ల దగ్గరికి ఎవరైనా వెళితే గట్టిగా అరుస్తాయి."

ఆమె కిటికీ వైపు చూసింది. అద్దం అవతల, కంచె మీద నల్లపిట్ట. పసుపురంగు ముక్కు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది.

"వాటి పిల్లను నేను ఎత్తుకొచ్చేశానా?" అంది టిల్డె చిన్న గొంతుతో. "నా వాసన అంటుకుంది కదా, ఇప్పుడిక దగ్గరికి రానివ్వవేమో!"

"అదీ రాసుందేమో చూడు" అన్నాడు నాన్న.

ఉంది. వాసన తగిలిందని పక్షులు పిల్లల్ని వదిలేయవట.

వాల్బోర్ పక్కింటికి పరుగెత్తి, కాసేపు పిల్లిని బయటికి వదలొద్దని అడిగి వచ్చింది. టిల్డె పిల్లను అదే పొద కింద దించి లోపలికి వచ్చేసింది. అద్దం వెనక ముగ్గురూ కదలకుండా నిలబడ్డారు.

ఎంతసేపటికీ ఏమీ రాలేదు.

"రాదేమో నాన్నా."

అప్పుడు నల్లపిట్ట వానపాముతో గడ్డిలో వాలింది. పొద కింద నుంచి పెద్ద పసుపుపచ్చ నోరు తెరుచుకుంది. ఇప్పటిదాకా తెరవనే తెరవని నోరు!

తర్వాతి వారం టీచర్ కిర్‌స్టెన్ క్లాసును పొలాల వైపు నడిపించుకెళ్ళింది. ఆమెను పిల్లలంతా పేరుతోనే పిలుస్తారు.

"ఇటు రండి! కుందేలు పిల్ల!" అని బెర్ట్రం అరిచాడు. "పాపం, వాళ్ళమ్మ వదిలేసింది. నా జాకెట్‌లో చుట్టి తీసుకెళ్దాం!"

అందరూ ముందుకు తోసుకొచ్చారు. టిల్డె చేతులు చాచి అడ్డంగా నిలబడింది.

"ఆగండి! దాన్ని ముట్టుకోకండి!"

"అబ్బో, నీకేం తెలుసని?"

టిల్డె ఒక్క క్షణం తడబడింది. కుందేళ్ళూ పక్షుల్లాగేనా? అలా కాకపోతే?

"నాకు తెలీదు" అంది. "అందుకే ముందు వెనక్కి జరుగుదాం. కిర్‌స్టెన్, నీ ఫోన్ ఒకసారి ఇస్తావా? పేజీ పైనుంచి చదవాలి."

పిల్లలంతా మునివేళ్ళ మీద వెనక్కి నడిచారు. బెర్ట్రం కూడా. గడ్డిలో కుందేలు పిల్ల చెవులు వెనక్కి వాల్చుకుని, ఉన్నచోటే ఉండిపోయింది.