మూడో సంవత్సరమే చదువుతాను

అటెండెన్స్‌లో పేరు లేని అమ్మాయి ఎవరో మూడో సంవత్సరం సివిల్ ఇంజనీరింగ్ క్లాసులో, అదీ ముందు బెంచీలో దర్జాగా కూర్చోవడం చూసి లీడరుకి చిర్రెత్తుకొచ్చింది. క్లాసులో అందరూ అతన్ని లీడరనే పిలిచేవారు.

"ఫస్టియర్ కింద అంతస్తులో," అన్నాడు.

"తెలుసు. నేను థర్డియర్," అంది ఆమె, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

ఆమె నర్సుగారి అమ్మాయి. తల్లికి ఈ ఊరి ఆసుపత్రికి బదిలీ కావడంతో, వేరే కాలేజీలో రెండేళ్ళు పూర్తిచేసి ఇక్కడ చేరింది. సిలబస్ వేరనీ, పాత క్రెడిట్లు చెల్లవనీ, మళ్ళీ మొదటి ఏడాది నుంచి చదవమనీ డిపార్ట్‌మెంట్ హెడ్ చల్లగా చెప్పాడు. రెండేళ్ళు గాలికి పోనివ్వనని ఆమె ప్రిన్సిపాల్‌కి అర్జీ పెట్టుకుంది. జవాబు వచ్చేదాకా తన క్లాసులోనే కూర్చుంటానని భీష్మించింది.

లీడరు రోజూ ఏదో ఒకటి అనేవాడు. ఆమె ఒకటికి రెండు అప్పజెప్పేది. జ్వరం వచ్చి ఆమె రాని రోజున క్లాసంతా బావురుమంటున్నట్టు తోచేసరికి, తన జబ్బేమిటో అతనికి అర్థమైంది.

ఒకనాడు వానకి ఇద్దరూ వర్క్‌షాపు చూరు కింద చిక్కుకున్నారు. మనసులో మాట చెబుదామనుకున్నాడు. బదులుగా, తన మేనమామ యూనివర్సిటీలో పెద్ద హోదాలో ఉన్నాడనీ, ఒక్క మాట చెప్పిస్తే పని అయిపోతుందనీ అనేశాడు.

"నేను చదివిన చదువు మీ మామయ్య నాకు దానం చేస్తాడా?"

ఆ మాట అని ఆమె వానలోనే వెళ్ళిపోయింది. తర్వాత పలకరింపు లేదు. పోట్లాటైనా లేదు. అతనికి అన్నం సయించలేదు.

చివరికి ప్రిన్సిపాల్ పిలిచినప్పుడు ఆమె ఒకటే అడిగింది: ఆ రెండేళ్ళ పాఠాల్లో ఏదైనా సరే తనకి పరీక్ష పెట్టమని. రాకపోతే తానే కింద అంతస్తుకి పోతానంది. ప్రిన్సిపాల్ సరేనన్నాడు. రాతపరీక్షల్లో హెడ్‌కి వంక దొరకలేదు. మిగిలింది సర్వే. దుర్భిణి ఉన్న యంత్రంతో మైదానమంతా ఎత్తుపల్లాలు కొలవాలి. ఎదురుగా అంకెలున్న కొలబద్ద పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. ఎవరు పట్టుకుంటారని హెడ్ క్లాసుని అడిగాడు. అందరూ నేలచూపులు చూశారు.

లీడరు లేచాడు.

"నీ ఇంటర్నల్ మార్కులు నా చేతిలో ఉన్నాయి, గుర్తుందా?" అన్నాడు హెడ్.

"ఉంది సార్. ఆ అమ్మాయి క్రెడిట్లూ మీ చేతిలోనే ఉన్నాయి. ఆవిడే భయపడలేదు."

ఎండ మండిపోతున్నా కొలబద్ద నిటారుగా పట్టుకుని, ఆమె చెయ్యి చూపించిన చోటికల్లా వెళ్ళి నిలబడ్డాడు. ఆమె మైదానం చుట్టి, బయలుదేరిన చోటికే వచ్చి లెక్క ముగించింది; మొదటి ఎత్తూ చివరి ఎత్తూ సరిగ్గా కలిశాయి. హెడ్ దాన్ని రెండుసార్లు సరిచూసి, ప్రిన్సిపాల్‌కి అందించాడు.

డ్రాయింగు ఒక్కటి తప్ప అన్ని క్రెడిట్లూ నిలిచాయి. పాత కాలేజీలో డ్రాయింగు సగమే చెప్పారని ఆమే ఒప్పుకుంది. చదవనిదాన్ని చదివానని చెప్పననీ, ఆ పరీక్ష జూనియర్లతో కలిసి రాస్తాననీ అంది.

మైదానంలో సామాను సర్దుతుండగా ఆమె నోరు విప్పింది.

"ఎండలో అంతసేపు ఎందుకు నిలబడ్డావ్?"

"ఎంత కోపమున్నా నావైపు చూడక తప్పదు కదా."

"నేను చూసింది అంకెల్ని."

"ఒక్కో అంకెకి అంతసేపా?"

ఆమె పెదవి బిగబట్టినా నవ్వు ఆగలేదు. "అది పాతకాలం యంత్రం. అందులోంచి చూస్తే మనిషి తలకిందులుగా కనబడతాడు."

"అయితే? ఎలా ఉన్నానేం?"

"అలా అయితే బాగానే ఉన్నావు." యంత్రం పెట్టె మూసి అతని చేతికిచ్చింది. "ఆదివారం మా అమ్మకి డ్యూటీ లేదు. ఇంటికి రా. తిన్నగా నిలబడితే ఎలా ఉంటావో ఆవిడ చూసి చెబుతుంది."