గోడ దిక్కు తిరుగు

“గోడ దిక్కు తిరుగు.”

నాగరత్నం విఠల్‌తో అన్న మొట్టమొదటి మాట అదే. ప్రేమకథలన్నీ కళ్ళూ కళ్ళూ కలవడంతో మొదలవుతాయంటారు. మనవాడి కళ్ళకు సున్నం గోడ దొరికింది.

అది పంతొమ్మిది వందల తొంభై మూడు. గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీ. అందులో మూడు బీరువాలంత మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటరు. ఏ మందు ఏ సరుకుతో, ఎవరి చేతుల మీదుగా తయారైందో ఆ లెక్కంతా దాని డిస్కుల్లోనే ఉండేది. రోజూ సాయంత్రం దాన్ని టేపుల మీదికి నకలు తీయడం విఠల్ పని. ఎవరు ఏది చూడవచ్చో, ఏది చూడకూడదో తేల్చడం నాగరత్నం పని. డేటా దగ్గర ఆమె గీసిన గీత మేనేజరు కూడా దాటలేడు.

యంత్రం పూర్తిగా చతికిలబడితే వాడడానికి పెద్ద పాస్‌వర్డు ఒకటుంది. మేనేజరు ఫజలుద్దీన్ సాబ్ దాన్ని రెండు ముక్కలు చేసి, ముందు సగం విఠల్‌నూ వెనక సగం నాగరత్నాన్నీ ఎవరికి వారే పెట్టుకోమన్నాడు; అది ఆయనకూ తెలియదు. పాసు ఈయనది, వర్డు ఆవిడది. ఒకరు కొడుతుంటే మరొకరు చూడకూడదు. పనిచేస్తోందో లేదోనని నెలకోసారి ఇద్దరూ కొట్టి సరిచూసేవారు.

“గోడ మీద ఏం కనిపిస్తున్నది?” అని ఆమె ఏడిపించేది.

“బల్లి. నీకంటె నయం, నా మొకం సూస్తున్నది.”

“దాన్నే చేసుకో అయితే.”

“అడిగిన. దానికి గవర్నమెంటు నౌకరీ పిలగాడు కావాల్నట.”

ఇలా రెండేళ్ళు. ఫ్రేము కాస్తా ప్రేమైందని ఆఫీసులో అందరికీ తెలుసు. చెప్పాల్సిన విఠల్ మాత్రం చెప్పలేదు. శ్రావణంలో నాగరత్నం ఒకరోజు సెలవు పెట్టింది. ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో వాళ్ళింట్లో పెళ్ళిచూపులు.

ఆ ఉదయమే పెద్ద డిస్కు పాడైంది. డిస్కు పోయి రిస్కు మిగిలింది. మధ్యాహ్నం విదేశీ తనిఖీవాళ్ళు వస్తున్నారు. తయారీ రికార్డులు చూపించకపోతే గోదాములోని మందంతా పారబోయాల్సిందే. టేపులు భద్రంగానే ఉన్నాయి. వాటిని కొత్త డిస్కుకు ఎక్కించాలంటే పెద్ద పాస్‌వర్డు కావాలి.

“పోయి రత్నాన్ని తోల్కరా,” అన్నాడు ఫజలుద్దీన్ సాబ్. “జల్దీ.”

వాళ్ళింట్లో ఫోను లేదు. వానలో స్కూటరు తోలుకుంటూ, తడిసి ముద్దయి విఠల్ వాకిట్లో దిగేసరికి లోపల పెళ్ళికొడుకు తల్లి పుష్పమ్మ అంటోంది: “పెండ్లయినంక నౌకరీ బంద్ జెయ్యాలె. గదొక్కటే మా మాట.”

నాగరత్నం గుమ్మం వైపు చూసింది. “ఏమైంది విఠల్?”

“డిస్కు పోయింది.”

ఆమె ఫలహారాల పళ్ళెం కింద పెట్టి లేచింది.

“ఇప్పుడు పోతే సంబంధం లేనట్టే,” అంది పుష్పమ్మ.

“నన్ను నమ్మి సగం పాస్‌వర్డు నా చేతుల పెట్టిన్రు అమ్మా. నేను పోకుంటే అక్కడ పని ఆగుతది. మీ ఇంటికొచ్చినంక గూడ నేను గిట్లనే ఉంట. ముందుగాల్నే తెలిసింది, మంచిదాయె.”

ఆమె తండ్రి నర్సన్న ఆర్టీసీ కండక్టరు. కూతురిని ఆపలేక, ఒంటరిగా పంపలేక తనూ స్కూటరెక్కాడు. ముందు విఠల్, వెనక నాగరత్నం, నడుమ నాయిన. పాసుకూ వర్డుకూ నడుమ అంత లావు గోడ ఏ కంపెనీ పెట్టి ఉండదు. “రైట్, రైట్,” అన్నాడు నర్సన్న ముఖం మాడ్చుకుని.

కంప్యూటరు గదిలో విఠల్ తన సగం కొట్టి గోడకు తిరిగాడు. వానకు కొంకర్లు పోయిన వేళ్ళతో నాగరత్నం తన సగం కొట్టింది. తప్పు. ఇద్దరూ మళ్ళీ కొట్టారు. మళ్ళీ తప్పు. రెండుసార్లూ విఠల్ నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. మూడోసారీ తప్పితే యంత్రం బిగుసుకుపోతుంది, తెరవడానికి బొంబాయి నుంచి మనిషి రావాలి.

ఆమె మూడోసారి కొట్టి, ఎంటర్ మీద వేలు పెట్టింది.

“ఆగు,” అన్నాడు విఠల్ గోడతో. “నడుమల ఒక మీట రెండుసార్లు కొడ్తవ్, టకటక అని. ఇయ్యాల ఒక్కటే ఇనొస్తున్నది.”

నాగరత్నం చెరిపి, మళ్ళీ కొట్టింది. టేపులు తిరగడం మొదలుపెట్టాయి.

“నా సగం నీకెరుకనా?”

“కండ్లకు గోడ పెట్టిన్రు గని చెవులకు పెట్టలే. పోయినేడు సంది ఎరుకే.”

“మరి పొద్దున నువ్వే కొడితే అయిపోతుండె కదా. గంత దూరమొచ్చి నా సంబంధం ఎందుకు ఖరాబు చేసినవ్?”

“నీ సగం నీదే. నేను కొడితే దొంగతనం.” విఠల్ గొంతు సవరించుకున్నాడు. “సంబంధం ఖరాబైందని మాత్రం నాకు బాధ అయితలేదు. ఉన్నదున్నట్టు చెప్తున్న. నువ్వంటే నాకిష్టం.”

“ఇటు తిరిగి చెప్పు.”

తిరిగాడు. ఎదురుగా నర్సన్న.

“తప్పయింది కాకా.”

“కాకా అంటే ఆమె నీకు చెల్లె అయితది,” అన్నాడు నర్సన్న, తడిసిన టోపీ పిండుతూ. “జెర సూస్కొని పిలువు.”

తనిఖీవాళ్ళ కారు గేటు దాటేలోపు చివరి టేపు ఆగింది. రికార్డులన్నీ తెర మీద ఉన్నాయి. ఫజలుద్దీన్ సాబ్ కుర్చీలో కూలబడి, పొద్దుటి నుంచి తాగని చాయ్ తెప్పించుకున్నాడు.

“ఆదివారం మీ అమ్మనాయినలను తోల్కరా పిలగా,” అన్నాడు నర్సన్న.

“ఆదివారం కాదు నాయినా,” అంది నాగరత్నం తెర మీంచి కళ్ళు తిప్పకుండా. “కొత్త డిస్కు పరీక్ష ఉన్నది. బుధవారం రమ్మను. నౌకరీ బంద్ అనే మాట మాత్రం తేవద్దు.”

“మా అమ్మకు నేను చెప్త,” అన్నాడు విఠల్.

“వద్దు. నేనే చెప్త.”