గడప మీద ఆపిన దరువు

మిట్ట మధ్యాహ్నం పన్నెండు!

మే నెల ఎండకు వరంగల్ మొత్తం పెనం మీది రొట్టె లెక్క మాడుతాంది. రోడ్డు మీద కుక్క లేదు... ఆకాశంల కాకి లేదు... దయ్యాలు కూడ నెత్తికి తువ్వాల కట్టుకుని తిరిగే యాళ్ళ! ఎక్కడో ఓ ఇన్వర్టర్ "కీ... కీ..." అని గుడ్లగూబ లెక్క అరుస్తాంది. ఉరుముల పని కూలర్ చూసుకుంటాంది.

గా టైముల, ఓ అపార్ట్‌మెంట్ రెండో అంతస్తుల... మధు గాల్లెకు లేచిండు!

లేచినోడు లేచినట్టే పోయి గోడకు తాకిండు. గోడ నిండ కొత్తవాడ జంపఖానాలు కొట్టి ఉన్నయి గన్క నెత్తి పగల్లేదు, ముక్కు మాత్రం పగిలింది. అది మధు పాటలు రికార్డు చేసుకునే రూము. సౌండు బయటికి పోకుండ కొట్టిన జంపఖానాలు ప్రాణం బయటికి పోకుండ కూడ పనికొస్తయని ఆయనకు అప్పుడే తెల్సింది.

విసిరింది ఎవలో కాదు... పెండ్లాం వినోద! పచ్చడి సీసా మూత రాకపోతె "ఏమయ్యా, జర తియ్యరాదు" అని పిలిచే వినోద! ఇప్పుడు తలుపుల నిలవడ్డది. జుట్టు విరబోసుకున్నది. కండ్లల్ల నల్లగుడ్లు లేవు... పిడికిళ్ళు ముందుకు పెట్టి, ఎడమ కాలు మీద మెల్లగ ఊగుతాంది. ఆ ఊగుడు మధుకు తెలుసు. ఫైటింగ్ గేముల ఆఖరి బాస్ కొట్టే ముందు గట్లనే ఊగుతడు!

మధు పెండ్లిళ్ళల్ల కీబోర్డు వాయించేటోడు. హైదరాబాద్‌ల ఓ కంపెనీ ఫైటింగ్ గేమ్ చేస్తాంటె దానికి మ్యూజిక్ ఇచ్చే పని దొరికింది. ఒక్కో ఫైటర్‌కు ఒక్కో పాట, అన్ని కలిపి ఓ ఆల్బమ్. చుట్టాలకు మాత్రం సినిమాకు చేస్తున్న అని చెప్పిండు. గేమ్ అంటె "వీనికి పిల్లనెట్ల ఇచ్చిన్రు" అంటరని. అన్ని పాటలు అయినయి గని బాస్ పాట కాడ బండి ఆగింది. కంపెనీల దీప మేడమ్ విని, "సార్, బాస్ వస్తాంటె పిల్లలకు చెమటలు పట్టాలె. మీ పాట వింటాంటె భోజనాలకు రమ్మంటున్నట్టున్నది" అన్నది.

అప్పుడు సాయానికొచ్చిండు కింది అంతస్తు శ్యాంసుందర్ సార్. అపార్ట్‌మెంట్ సంఘానికి అధ్యక్షుడు. రిటైరైనంక కొందరు వాకింగ్ పట్టుకుంటరు, కొందరు భగవద్గీత పట్టుకుంటరు. మోకాళ్ళు నొస్తయని వాకింగ్, నిద్రొస్తదని గీత ఇడిసిపెట్టి సార్ క్షుద్ర విద్య పట్టుకున్నడు. ఈ సంగతి ఎవలకూ తెల్వదు. నీళ్ళ మోటర్ కాడ ఆయన తిట్టే తిట్లు విన్నోళ్ళకు మాత్రం కొంచెం డౌటుండె.

"తమ్మీ, నా దగ్గర మస్తు సౌండున్నది" అని సార్ రెండు ఇచ్చిండు. ఒకటి, ములుగు అడివి దిక్కు ఓ జాతరల ఫోన్ల పట్టిన డప్పుల చప్పుడు. ఇంకోటి, తువ్వాలల గట్టిగ చుట్టిన గుండ్రటి వస్తువు. "పాత వాయిద్యం. విప్పకుండ కొట్టు" అన్నడు. మధు కొట్టిండు. టక్... టక్... వెన్నుల చలి పుట్టింది! తువ్వాల మీదికెల్లి తడిమితె పండ్లు తగిలినయి గని, వాయిద్యానికి పండ్లెందుకని అడగలె. ఊరికె వచ్చిన సామాన్ను ఎవలు ప్రశ్నిస్తరు?

"డప్పు లేచేకాడికే కోసుకో. దిగనియ్యకు. ఆ ముక్కనే తిప్పి తిప్పి వేసుకో" అన్నడు సార్. గేముల పాటలన్ని గంతే. ఆడేటోడు సచ్చేదాక తిరుగుతనే ఉంటయి. మధు కోసిండు. కింద ఆ "టక్ టక్" కలిపిండు. ప్లే నొక్కిండు. అదే యాళ్ళకు వినోద మజ్జిగ గ్లాసు పట్టుకుని తలుపు కాడికొచ్చింది...

గ్లాసు పగిలింది. మధు ఎగిరిండు. గదీ సంగతి.

ధన్... ధన్... ధన ధన ధన్! డప్పు లేస్తాంది. లేచి లేచి, దిగే కాడ మల్ల మొదటికొస్తాంది! మధు పాక్కుంట పోయి స్టాప్ నొక్కిండు. ఆగలె. స్పీకర్ల వైరు పీకిండు. వైరు చేతిలకొచ్చింది గని చప్పుడు పోలె! తెర మీద పాట ఉరుకుతనే ఉన్నది... బల్ల మీది తువ్వాల దానంతట అదే విప్పుకున్నది... అందుల పుర్రె! మనిషి పుర్రె! దవడలు ఆడిచ్చుకుంట డప్పు చప్పుడు కక్కుతాంది!

"మధన్నా, జర సౌండ్ తగ్గియ్యే. మా పిల్లకు పరీక్షలున్నయి" అనుకుంట ఎదురింటి శేఖర్ లోపలికొచ్చిండు. ఆ పరీక్షలు అయిపోయి వారమైంది గని నోటికి అలవాటైన మాట. వినోద గిర్రున తిరిగింది. ఒక్కటే తన్ను! శేఖర్ తలుపుకెల్లి బయటపడి చెప్పుల స్టాండును విరగ్గొట్టుకుంట దాని మీద పడ్డడు. పక్కటెముకలు పటపట విరిగినయి. నోట్లకెల్లి రక్తం కారుతాంటె కూడ, "మీటింగుల పెడ్త... ఈ ముచ్చట..." అని గొణిగి సోయి తప్పిండు.

ఆయన మీదికెల్లి దాటుకుంట శ్యాంసుందర్ సార్ వచ్చిండు. లుంగీ, బనీను, నుదుట నల్ల బొట్టు. చేతిల మూకుడు, అందుల నిప్పుల మీద ఎనుమాముల మార్కెట్ మిర్చి ఘాటుగ పొగలేస్తాంది. చెప్పులు మాత్రం బయటనే, స్టాండుకు మిగిలిన ఒక్క చెక్క మీద జోడు కలిపి పెట్టిండు.

"పరేషాన్ కాకు తమ్మీ. ఆ పుర్రెల సచ్చిన మల్లయోధుడున్నడు. వాడిప్పుడు నీ భార్యల ఉన్నడు. ఆల్బమ్ ఇప్పుడే కంపెనీకి పంపు. ఇంటింట్ల పిల్లలు గేమ్ ఆడ్తరు... పడే ప్రతి దెబ్బకు ఇంత రక్తం వానికి, ఇంత ఆయుష్షు నాకు!"

"పంపకపోతె?"

సార్ చిటికె వేసిండు. వినోద కుడిచేత్తోని తన ఎడమ చిటికెన వేలును పట్టుకుని వెనక్కి వంచింది. ఫట్! నోట్లకెల్లి మగ గొంతు పకపక నవ్వింది... కండ్లల్లకెల్లి మాత్రం వినోద నీళ్ళు కారినయి.

"వేళ్ళయినంక చేతులు. చేతులైనంక మెడ" అన్నడు సార్, మోటర్ టైమింగులు చెప్పినట్టు.

మధు మౌస్ పట్టుకున్నడు. పంపుదామనే అనుకున్నడు. ఊర్ల పిల్లల సంగతి ఊరు చూసుకుంటది, వినోద బతకాలె! గప్పుడే డప్పు లేచి, దిగబోయి, మల్ల మొదటికి ఎగిరింది. ఆ రెప్పపాటు సందుల వినోద నోట్లకెల్లి ఇంకో గొంతు వచ్చింది. మగ గొంతు కాదు. వినోదది కాదు. అడివంత పెద్ద గొంతు!

"ఎంతసేపు రా... గడప మీద నిలవెట్టి... పిలుస్తవ్?"

సార్ మూకుడుతోని ఒకడుగు వెనుకకు వేసిండు. "అదెవలు?" అన్నడు.

మధుకు అప్పుడు ఎరుకైంది. అది ఎదురుకోలు డప్పు! జాతరల అమ్మను అడివికెల్లి తోల్కొచ్చేటప్పుడు ముందట కొట్టే దరువు! డప్పు లేచుకుంట లేచుకుంట గద్దె దాక వస్తది, గద్దె కాడ దిగుతది. డప్పు దిగితేనే అమ్మ కూసుంటది. తాను దిగే ముక్కనే కోసిండు! అమ్మను ఇందాకటిసంది పిలుసుడు, ముంగటికొచ్చేవరకు తలుపు మూసుడు... మల్ల పిలుసుడు, మల్ల మూసుడు! దోస్తులొస్తె గ్రిల్ సందులకెల్లి మాట్లాడి పంపే అపార్ట్‌మెంటోళ్ళు తప్ప ఎవలు చేస్తరు గీ పని?

"పట్టు వాని గొంతు!" అని సార్ ఒర్లిండు.

వినోద దుంకింది. రెండు చేతులు మధు మెడకు బిగిసినయి. కుర్చీ విరిగింది. కండ్ల ముందట చీకట్లు... నాలుక బయటికొచ్చింది... మధు కుడి చెయ్యి మాత్రం బల్ల మీద మౌస్‌ను ఇడువలె. కంప్యూటర్ల కోసిన ముక్క ఏడికీ పోదు. అంచు పట్టి గుంజితె దాగిన పాట మల్ల బయటికొస్తది. మధు అంచు దొరకవట్టిండు... గుంజిండు!

డప్పు లేచింది. లేచి... లేచి... ఈసారి దిగింది.

ధన్‌న్‌న్!

నిశ్శబ్దం. ఇన్వర్టర్ కూడ నోరు మూసుకున్నది.

వినోద నోట్లకెల్లి నల్లటి పొగ కేకలేసుకుంట బయటపడి పుర్రెలకు ఉరికింది. పుర్రె కుండ లెక్క పగిలి తునకలైంది! రూమంత ఇప్పపువ్వు వాసన, పసుపు వాసన, తడి మన్ను వాసన. వినోద లేచి నిలవడ్డది. కండ్లు దీపాల లెక్క వెలుగుతున్నయి.

"పిలిచినవా?" అన్నది సార్ దిక్కు తిరిగి. పెద్దగ అనలె. కిటికీ అద్దాలు మాత్రం అన్ని పగిలినయి.

సార్ మంత్రం ఎత్తుకున్నడు. సగంల నాలుక మాడింది. "అమ్మా... నేను... సీనియర్ సిటిజన్ను..." అన్నడు.

"పిలిచి తలుపు కాడ నిలవెడ్తవా?!"

ఒక్క చెంపదెబ్బ! దవడ ఊడి భుజం మీదికొచ్చింది. రెండోది గుండె మీద... పక్కటెముకలు ఒక్కోటి లోపలికి కుంగినయి. జుట్టు పట్టి ఎత్తి, నేలకు కొట్టి, మల్ల ఎత్తింది! మూకుడుల మిర్చి నిప్పు ఎగిరి ఆయన ఒంటికే అంటుకున్నది. సార్ అరిచిన అరుపుకు మూడంతస్తుల తలుపులు లోపటికెల్లి గొళ్ళాలు పడ్డయి, ఒక్కటి తెరుసుకోలె. చర్మం ముడుతలు పడ్డది, బొక్కలు పిండి అయినయి, చివరికి పిరికెడు బూడిద మిగిలింది!

గని అప్పుడే మధు వినోద దిక్కు చూసిండు. వినోద ఒళ్ళు గడగడ వణుకుతాంది. ముక్కులకెల్లి, చెవులల్లకెల్లి రక్తం కారుతాంది. ఆ బరువు మోసే బొక్కలు కావు అవి. ఇంకొద్దిసేపైతె అమ్మ ఉంటది, వినోద ఉండదు!

మధు సాగిలపడ్డడు. "తల్లీ, మా ఇంటామెను నాకియ్యి. నిన్ను పుట్టింటి ఆడబిడ్డ లెక్క సాగనంపుతా!"

ఆడబిడ్డను ఒట్టి ఒడితోని పంపరు. ఒడిబియ్యం పొయ్యాలె. వంటింట్లకు ఉరికిండు. అక్కడ రెండు డబ్బాలు. ఒకదాంట్ల దొడ్డుబియ్యం, దోసెలకు. ఇంకోదాంట్ల సన్నబియ్యం, చుట్టాలకు. ఇంటామె ప్రాణం పోయే గడియల... మధు చెయ్యి పోయి పోయి దొడ్డుబియ్యం డబ్బా మీద పడ్డది!

మెడ మీద వేడి ఊపిరి తగిలింది. మధు వెనుకకు చూడలె. చెయ్యిని మర్యాదగ పక్క డబ్బా మీదికి జరిపిండు.

పసుపు కలిపి, వినోద నైటీ మీది చున్నీని ఒడిగ పట్టి డబ్బా మొత్తం పోసిండు. "పోయిరా తల్లీ" అన్నడు. ఆమె బియ్యం దిక్కు చూసింది. మధు దిక్కు చూసింది. కొద్దిగ నవ్వింది. ఇప్పపువ్వు వాసన మెల్లగ కిటికీలకెల్లి బయటికి పోయింది...

వినోద కుప్పకూలింది. ఊపిరి లేదు!

"వినోదా! ఓ వినోదా!"

చానసేపటికి రెప్పలు కదిలినయి. విరిగిన వేలును చూసుకున్నది. రక్తం చూసుకున్నది. ఆఖరికి ఒడిల బియ్యం చూసుకుని, రెండు గింజలు వేళ్ళతోని నలిపి, నీరసంగ అన్నది:

"సన్నబియ్యం మొత్తం ఒంపినవా? దొడ్డుబియ్యం కండ్లకు కనవడలేదా నీకు?"

మధు ఆమె కాళ్ళు పట్టుకుని బోరుమని ఏడ్చిండు. వచ్చింది వినోదనే.