అల్లుడేడని అడిగారందరూ

జీవరత్నమ్మ వాకిట్లో పీట వేసుకుని కానాగంత చేపలు శుభ్రం చేస్తుంటే కొరియరతను పెద్ద పార్సిలొకటి తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. చేతులు నీచుగా ఉన్నాయని ఆవిడ దాన్ని ముట్టుకోలేదు, మెడ సాచి చూసింది. కొత్త ఇంటి ప్రతిష్ఠ కోసం కోడలు కర్టెన్లో, కుర్చీల కవర్లో తెప్పించి ఉంటుందనుకుంది. పాపం ఎంత శ్రద్ధో అని లోలోపల మెచ్చుకుంది కూడా.

షాలిని బయటికొచ్చి పార్సిల్ విప్పింది. అందులోంచి ముదురాకుపచ్చ సంచి ఒకటి వచ్చింది. భుజాలకి లావుపాటి పట్టీలు, నడుముకి బెల్టు, ఎటు చూసినా జిప్పులు. నేల మీద నిలబెడితే షాలిని నడుం దాకా వచ్చింది.

"ఏటమ్మా ఇది?"

"సంచి అత్తయ్యా. వీపుకి తగిలించుకుని ఊళ్ళు తిరగడానికి."

"ఎవులు తిరుగుతారు?"

"నేనే. అండమాన్ వెళ్తున్నాను. అక్కడ హేవ్‌లాక్ అని ఒక దీవి ఉంది."

జీవరత్నమ్మకి నవ్వొచ్చింది. డబ్బులిచ్చి మరీ కూలీలాగా మూట మొయ్యడమేటని వేళాకోళం చేసింది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ప్రతిష్ఠ అయ్యాక సరదాగా వెళ్ళిరావచ్చని కూడా అంది. అప్పుడు షాలిని తారీఖులు చెప్పింది. గురువారం పలాసలో హౌరా రైలెక్కుతుంది, కోల్‌కతాలో విమానం, ఆ మీద ఓడ. ఒక్కర్తే వెళ్తుంది. మళ్ళీ వచ్చేది పై వారంలో.

ఆవిడ చేతిలో చేప కత్తిపీట మీద అలాగే ఆగిపోయింది. "ఆ శనివారమే గదే మన ఇంటి ప్రతిష్ఠ."

"తెలుసత్తయ్యా. తెలిసే తీసుకున్నాను టిక్కెట్టు."

అంత మెత్తగా చెప్పింది, ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు.

ఆ ఇల్లు ఆవిడ కొడుకు అనిల్ కుమార్ టెక్కలిలో సిమెంటు, ఇనుము కొట్టు నడుపుతూ ఇటుక ఇటుకా పేర్చి కట్టుకున్నది. కార్డులు పంచేశారు. సోంపేట నుంచి మేనత్తలు, పలాస నుంచి కొట్టు స్నేహితులు, సంఘం సంఘమంతా వస్తున్నారు. పాస్టరుగారు ప్రార్థించాక ఇంటాయన, ఇల్లాలు ఇద్దరూ ఒకే కత్తెర పట్టుకుని రిబ్బను కత్తిరించి, ఒకరి పక్కన ఒకరు గడప దాటాలి. అది వాళ్ళలో ఎప్పణ్ణించో ఉన్న పద్ధతి. ఆ తారీఖు పెట్టే రోజున షాలిని పాస్టరుగారి ఎదురుగానే కూర్చుంది, సరేనని తలూపింది. ఇంటికొచ్చి, కార్డులు అచ్చయ్యేదాకా ఓపిక పట్టి, అప్పుడు టిక్కెట్టు కొంది. ఓపికంటే అదీ!

మధ్యాహ్నం అనిల్ భోజనానికొచ్చాడు. తల్లి గుమ్మంలోనే అంతా చెప్పేసింది. అతను మొదట నమ్మలేదు, తరవాత నవ్వబోయాడు, సంచి చూశాక నవ్వు పోయింది. నలుగురిలో పరువేం కావాలని అడిగాడు. టిక్కెట్టు మార్చుకోమన్నాడు, తనే మారుస్తానన్నాడు. షాలిని అతని కంచంలో చేపల పులుసు వడ్డిస్తూ అన్నీ విని, ఆఖరికి అడిగింది.

"ఆ రోజు అందరూ అడుగుతారా, ఇల్లాలేదని?"

"అడగరా మరి?"

"ఏం చెప్తారు?"

అనిల్ తల వంచుకుని అన్నం కలిపాడు.

"నేనే చెప్తాను, గుర్తుపెట్టుకోండి. అక్కడ గాలివాన పట్టింది, పడవలు ఆపేశారు, పాపం చిక్కుకుపోయిందని చెప్పండి. నమ్ముతారు. మేమందరం నమ్మలేదూ?"

అనిల్ చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. తినకుండానే లేచి కొట్టుకి వెళ్ళిపోయాడు. షాలిని మాత్రం కూర్చుని శుభ్రంగా తింది. పులుసు ఆ రోజు అమోఘంగా కుదిరింది.

ఆ పడవల సంగతి మూడేళ్ళ నాటిది. షాలిని తండ్రి సత్యవేదం బస్సు డ్రైవరుగా చేసి రిటైరై బారువలో ఉండేవాడు. భార్య పోయింది, షాలిని ఒక్కతే కూతురు. అల్లుడంటే పంచప్రాణాలు. అనిల్ వస్తున్నాడంటే ముందురోజే పడవల రేవుకెళ్ళి మంచి చేప చెప్పి ఉంచేవాడు. భోజనాల దగ్గర ఎప్పుడూ ఒకటే మాట. తనకి కొడుకుల్లేరు, రేప్పొద్దున తన శవపెట్టెకి ముందు కొమ్ము అల్లుడే పట్టాలి అనేవాడు. ఆ మాటలిప్పుడెందుకు మావయ్యా, నూరేళ్ళుంటారు అని అనిల్ సిగ్గుపడేవాడు.

స్నేహితులతో కలిసి అనిల్ హేవ్‌లాక్ వెళ్ళినప్పుడే సత్యవేదానికి గుండెపోటు వచ్చింది. షాలిని ఫోన్ చేస్తే వెంటనే బయల్దేరుతున్నానన్నాడు. గంట తరవాత తనే చేసి, ఇక్కడ గాలివాన, పడవలు ఆపేశారు, దీవి దాటలేనని చెప్పాడు. ఆ సాయంత్రమే సత్యవేదం పోయాడు. అల్లుడి కోసం శవాన్ని మర్నాడు పొద్దు వాలేదాకా ఐసుపెట్టెలో ఉంచారు. వచ్చిన ప్రతివాళ్ళూ అల్లుడేడి అని అడిగారు. దీవిలో చిక్కుకుపోయాడండీ, గాలివానండీ, పడవల్లేవండీ అని షాలిని ఒక్కొక్కరికీ చెప్పింది. తండ్రి తలాపున కూర్చుని ఏడవాల్సిన మనిషి, మొగుడి తరఫున సంజాయిషీలు ఇచ్చుకుంటూ గడిపింది. ఆఖరికి పెట్టె ముందు కొమ్ముకి మనిషి లేకపోతే, పక్కింటి బైరాగి చేపల వల అవతల పడేసి, చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చి పట్టుకున్నాడు.

తరవాత కొన్నాళ్ళకి అనిల్ స్నేహితుడు సురేష్ ఫేస్‌బుక్‌లో వీడియో ఒకటి కనబడింది. బారువ సమాధుల తోటలో భూస్థాపన జరిగిన నాటి మధ్యాహ్నం తీసింది. ఆకాశం మీద మబ్బు తునక లేదు. అనిల్ ఈత దుస్తుల్లో, కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని, బొటనవేలు చూపిస్తూ నవ్వుతున్నాడు. వెనకాల పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళే ఓడ జనాన్ని నింపుకుని బయల్దేరుతోంది.

షాలినికి అప్పుడు మొగుడి మీద కన్నా తన నోటి మీద ఎక్కువ అసహ్యం వేసింది. ఆ అబద్ధాన్ని ఊరందరికీ పంచిపెట్టింది తను! ఆ రోజే అడిగి కడిగెయ్యొచ్చు. అడిగితే క్షమించమంటాడు, కాళ్ళు పట్టుకుంటాడు, వారానికి అంతా మామూలైపోతుంది. అలా చవగ్గా వదలదల్చుకోలేదు. అతన్ని కూడా నలుగురి మధ్యా నిలబెట్టాలి. అదే ప్రశ్న అడిగించాలి. మూడేళ్ళు నోరు కట్టుకుని కూర్చుంది.

ఇక ప్రయాణం ఏర్పాట్లు చూడాలి, ఏం సరదా, ఏం సంబరం! పాఠాలు చెప్పే స్కూల్లో సెలవు పెట్టింది. దీవిలో ఆడపిల్లలందరూ కలిసి ఉండే హాస్టల్లో మంచం మాట్లాడుకుంది. స్కూబా ఈతకి సముద్రంలోకి దింపే వాళ్ళకి ఫోన్ చేసి, వీడియోలో కనబడిన చోటే కావాలని అడిగింది. అదే చోట, అదే నవ్వుతో, అలాగే బొటనవేలు చూపిస్తూ ఫొటో దిగాలి. పాస్టరుగారు ప్రతిష్ఠ ప్రార్థన మొదలుపెట్టే వేళకి అది కుటుంబం గ్రూపులో పడాలి. బట్టలు సంచిలో సర్దుతున్నప్పుడు కూనిరాగం కూడా తీసింది. పెళ్ళికి కూడా ఇంత హుషారుగా సర్దుకోలేదు.

ఆ ఇంట్లో ఎవరికి ఎవరి మీద కోపమొచ్చినా దేవుడి ద్వారానే చేరుతుంది. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మోకరించి, కళ్ళు మూసుకుని, ఒకరి తరవాత ఒకరు పైకే ప్రార్థిస్తారు. మొహమ్మీద అనలేనివన్నీ అప్పుడు అనేస్తారు. జీవరత్నమ్మ స్తోత్రాలన్నీ అయ్యాక, ఈ ఇంట్లో ఒక బిడ్డ గుండె రాయైపోనాది ప్రభువా, అది ఎవులో నీకు తెలుసు, మెత్తన సెయ్యి తండ్రీ అని వేడుకుంది. షాలిని వంతు రాగానే, అబద్ధమాడేవాళ్ళకి నిజం ఒప్పుకునే ధైర్యం ఇవ్వండి ప్రభువా, ఎవరో మీకూ తెలుసు వాళ్ళకీ తెలుసు అంది. అనిల్ ఎప్పట్లాగే ఆమేన్ అని ఊరుకున్నాడు. పెళ్ళైనప్పట్నుంచీ అతను పైకి ప్రార్థన చెయ్యగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

మర్నాడు జీవరత్నమ్మ వంటింట్లో కోడల్ని పట్టుకుంది. ఆ పడవల మాటేటి, తిన్నగా సెప్పమంది. షాలిని ఫోన్లో వీడియో పెట్టి ఇచ్చింది. ఆవిడ చూసింది, మళ్ళీ ఇంకోసారి పెట్టించుకుని చూసింది. కళ్ళజోడు తీసి పైటతో తుడిచింది. ఆ రోజు బారువలో వియ్యంకుడి శవం పక్కన కూర్చుని, నా కొడుకు ఆ దీవిలో ఎంత అల్లాడిపోతన్నాడో అని ఏడ్చింది ఆవిడే మరి.

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని అంది. "ఎల్లమ్మా. నిన్ను ఆపడానికి నాకు నోరు లేదు. ఒక్కటి సెప్పు. నువ్వెల్తావు, ఆడికి నొప్పి తగుల్తాది. తరవాతేటి?"

"తరవాత నాకు నిద్ర పడుతుందత్తయ్యా."

ఆ సాయంత్రం ప్రార్థనలో రాళ్ళ ప్రస్తావన రాలేదు. కొడుక్కి అన్నం పెట్టింది గానీ ఎదురుగా కూర్చోలేదు.

గురువారం పొద్దున్న అద్దె కారు వాకిట్లో ఆగింది. తోలేవాడు యువరాజు, ఎరిగున్న కుర్రాడే. షాలిని సంచి ఎత్తుకోబోతుంటే అత్తగారు అడ్డం నిలబడింది. ప్రార్థన చేసుకోకుండా ఈ గుమ్మం దాటి ఎవరూ ప్రయాణం పోలేదు, నువ్వూ పోవద్దంది. కాదనలేక షాలిని మోకరించింది. అనిల్ రెండు రోజుల గడ్డంతో వచ్చి గోడ దగ్గర మోకరించాడు.

జీవరత్నమ్మ పొట్టిగా ముగించింది. బిడ్డని క్షేమంగా తీసుకెళ్ళి క్షేమంగా తీసుకురమ్మని అడిగింది, అంతే. ఆమేన్ అని లేవబోతుండగా అనిల్ గొంతు వినబడింది.

"ప్రభువా." ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. "మావయ్యగారి విషయంలో నేను తప్పు చేశాను. పాపం చేశాను. నన్ను క్షమించండి."

షాలిని కళ్ళు తెరిచింది. ఒళ్ళంతా మంటెత్తింది. తనని దాటేసి తిన్నగా పైకే దరఖాస్తు పెట్టుకుంటున్నాడు!

"దేవుణ్ణి కాదండీ," అంది. "నన్నడగండి."

జీవరత్నమ్మ కళ్ళు మూసుకునే ఉంది, పెదాలు మాత్రం కదులుతున్నాయి. అనిల్ మోకాళ్ళ మీదే ఇటు తిరిగాడు.

"పడవలు నడిచాయి షాలినీ."

"తెలుసు. ఎందుకు రాలేదు?"

ఆ ప్రశ్నకి అతను ఏం చెప్తాడో ఈ మూడేళ్ళలో అన్ని విధాలా ఊహించుకుంది. టిక్కెట్టు దొరకలేదంటాడు, స్నేహితులు వెళ్ళనివ్వలేదంటాడు, భయమేసిందంటాడు. ప్రతిదానికీ తన దగ్గర చెప్పుదెబ్బలాంటి జవాబుంది.

"రావాలనిపించలేదు," అన్నాడు అనిల్. "ఫోనొచ్చినప్పుడు, డాక్టర్లున్నారు, నేనొచ్చి చేసేదేముంది అనుకున్నాను; పోయారని తెలిశాక, ఎలాగూ పోయారు అనుకున్నాను. సరదా పాడవుతుందనుకున్నాను. అంత తేలిగ్గా అనుకున్నాను. మర్నాడు నీళ్ళలోంచి పైకొచ్చాక పెట్టె సంగతి గుర్తొచ్చింది. అప్పటికి ఏ ఓడెక్కినా అందుకోలేను. ఇక అబద్ధం మీదే ఉండిపోయాను. నన్ను క్షమించమని అడుగుతున్నాను. వెళ్ళొద్దని మాత్రం అడగను. ఆ రోజు ఎవరేం అడిగినా నిజమే చెప్తాను. నేను చేసినదానికి నా భార్య వెళ్ళిందని చెప్తాను."

దీనికి మాత్రం షాలిని దగ్గర జవాబు లేదు. కోపం కోసం లోపల వెతుక్కుంది. ఉందింకా, కానీ పట్టుకోబోతే చేతికి అందలేదు. నోరు తెరిస్తే తను అనుకోని మాట బయటికొచ్చింది.

"నాన్న ఆఖరికి మిమ్మల్నే అడిగాడండీ. అల్లుడు బయల్దేరాడా అని. నీళ్ళు కూడా అడగలేదు. వచ్చేస్తున్నాడు నాన్నా అని చెప్పాను. ఆ మాట మీదే కళ్ళు మూశాడు."

అంతే, ఇక ఆగలేదు. నేల మీద కూలబడి నాన్నా నాన్నా అంటూ ఏడ్చింది. అత్తగారు వచ్చి తల ఒళ్ళోకి తీసుకుంది. ఏడుస్తుంటేనే షాలినికి అర్థమైంది. తండ్రి పోయాక తను ఆయన కోసం ఏడవనే లేదు. ఆ రోజు సంజాయిషీలతో సరిపోయింది, ఆ తరవాత పగతో సరిపోయింది. నాన్నకి ఇవ్వాల్సిన మూడేళ్ళనీ ఈ మనిషి మీద కోపానికే ఖర్చుపెట్టేసింది. అనిల్ దగ్గరికి రావడానికి ధైర్యం చాలక దూరంగానే మోకరించి, పిల్లాడిలా వెక్కుతున్నాడు.

బయట యువరాజు హారన్ కొట్టాడు. రైలుకి వేళవుతోంది. షాలిని మొహం తుడుచుకుని లేచింది.

"క్షమించానని ఇప్పుడు అనలేను," అంది. "నోటికి రావట్లేదు. నాకు చెప్పారు, సరే. మా నాన్నకెవరు చెప్తారు?"

అనిల్ ఆమె మొహంలోకి చూశాడు. వెళ్ళి చొక్కా తొడుక్కుని, కారులో ముందు సీట్లో కూర్చున్నాడు. జీవరత్నమ్మ ఇంటికి తాళం వేసి, షాలినితో పాటు వెనక ఎక్కింది. దారిలో శనివారం సంగతి ఎవరూ ఎత్తలేదు. రోడ్డుకి అటూ ఇటూ జీడితోటలు పూత మీదున్నాయి.

కాశీబుగ్గ వచ్చింది. పలాస స్టేషనుకి తిరిగే చోట యువరాజు కారు నెమ్మది చేసి, అద్దంలోంచి వెనక్కి చూశాడు.

"రైలుకింకా టైముందక్కా. టేసన్‌కి తిప్పీమంటావా?"

అనిల్ వెనక్కి తిరగలేదు. మెడ వంచుకుని కూర్చున్నాడు. షాలిని స్టేషను రోడ్డు వంక ఒకసారి చూసింది.

"తిన్నగా పోనీ తమ్ముడూ," అంది. "బారువ. మా నాన్న అల్లుడి కోసం చూస్తున్నాడు."