మెత్తబడని మటన్

"నా చేతికేమో అయింది సార్!" అంటూ నంద్యాలలోని డిటెక్టివ్ సుందరరాజు ఆఫీసులో అడుగుపెట్టింది మణెమ్మ. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఏ పెండ్లి విందుకైనా మటన్ ఆమె వండాల్సిందే. అలాంటిది వరుసగా రెండు విందుల్లో ముక్క తోలులా సాగింది. రేపటి విందు కోసం ఈ మధ్యాహ్నం పెండ్లికొడుకు వినీత్ రుచి చూడటానికి వస్తున్నాడు.

"ఈసారీ గట్టిపడితే నన్ను పిలిచేటోళ్లుండరు."

"మాంసానికి ఏం పట్టిస్తావమ్మా?"

"పచ్చి బొప్పాయి ముద్ద సార్. మా ఆడబిడ్డ దేవమ్మ రుబ్బుతాది."

సహాయకురాలు వందన అప్పుడే దేవమ్మను దోషిగా తేల్చేసింది. ఆడబిడ్డ కదా మరి! సుందరరాజు మాత్రం కారు తాళాలు తీసుకున్నాడు.

ఆళ్లగడ్డలో మణెమ్మ ఇంటికి చేరేసరికి దేవమ్మ ముద్ద రుబ్బి నీళ్లకు పోయి ఉంది. కుర్మా కోసం చెక్కిన బంగాళాదుంపలు గంగాళం నిండా ఉన్నాయి. చెత్తబుట్టలో ఉల్లిపొట్టు, బొప్పాయి తొక్కలు. మణెమ్మ భర్త ఇమ్మానుయేలు తెల్ల తువ్వాలు మీద నల్లబడిన మరకలున్నాయి.

"దుంపలు ఎవరు చెక్కారు?"

"ఉర్లగడ్డలా? మా ఆయనే. ఈడ ఆయన చేసే పని అదొక్కటే," నవ్వింది మణెమ్మ. ఇమ్మానుయేలు నవ్వలేదు.

సుందరరాజు తన ఎదుటే మళ్లీ బొప్పాయి రుబ్బించి, రెండు గిన్నెల్లో మాంసానికి పట్టించాడు. ఒకదాంట్లో వందన చేత ఇంకేదో కలిపించి, రెండూ వండించాడు.

వినీత్, దేవమ్మ వచ్చాక అందరినీ కూర్చోబెట్టాడు. దేవమ్మ రుబ్బిపోయిన ముద్దతో మణెమ్మ వండిన ముక్క పంటికి లొంగలేదు. డిటెక్టివ్ మొదటి గిన్నెలోది వెన్నలా ఉంది, రెండోది సాగింది.

"రెండోదాంట్లో కలిపింది బంగాళాదుంప తొక్కల పచ్చి రసం," అన్నాడు సుందరరాజు. "బొప్పాయిలోని ఎంజైము మాంసాన్ని మెత్తబరుస్తుంది. దాన్ని పనిచెయ్యనివ్వని ప్రొటీన్లు దుంపలో, ముఖ్యంగా తొక్క దగ్గర ఉంటాయి. పురుగుల నుంచి దుంపకు అదే కాపలా. ఇక్కడ ఇన్ని దుంపలు చెక్కారు, చెత్తలో ఒక్క తొక్క లేదు. వాటిని దంచి, తువ్వాల్లో పిండి, దేవమ్మ నీళ్లకు పోగానే ముద్దలో కలిపింది మణెమ్మ భర్తే. ఆ రసం ఆరితే నల్లబడుతుంది."

వందన దేవమ్మ వైపు చూడలేకపోయింది.

"నేనే కలిపినా," అన్నాడు ఇమ్మానుయేలు. "మొదటిసారి పొరపాటు. చెయ్యి కాలితే ఉర్లగడ్డ రుబ్బి పెట్టుకున్నా, మిక్సీ కడగలా. దాంట్లోనే బొప్పాయి రుబ్బినారు. ఆ పొద్దు దీని మొహం వాడిపోతే నా కడుపు చల్లబడింది సార్. యాడికి పోయినా 'మణెమ్మ మొగుడు' అంటారు. నాకూ ఒక పేరుండాదని ఎవురికన్నా గుర్తుందా?"

మణెమ్మ కళ్లు తుడుచుకుని గరిటె అతని చేతిలో పెట్టింది. "రేపటి పెండ్లికి నువ్వే వండుపో. పేరంతా నీదే."

ఇమ్మానుయేలు గరిటె పట్టుకుని వినీత్ వైపు ఆశగా చూశాడు.

"వద్దొద్దు! నువ్వే వండల్ల మణెమ్మక్కా," కంగారుపడ్డాడు వినీత్. తర్వాత అతనివైపు తిరిగి, నొచ్చుకుంటాడేమోనని మెల్లగా అన్నాడు. "ఏమనుకోవద్దన్నా... ఇంతకూ నీ పేరేంది?"